మచ్చలు తీసే అమ్మకి

ఇల్లు, వెనక గది
మంగళవారం

అమ్మకి,

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. అంటే నాన్న బాగున్నాడు, నేను కూడా బాగున్నానని నాన్న అందరికీ చెబుతున్నాడు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నా ఫోన్ కెమెరా పాడైంది. ఎంత తుడిచినా నల్లగానే వస్తోంది. ఉట్టి మాటలైతే మాట్లాడచ్చు గానీ, నువ్వు ఊరుకోవు కదా. "ఏదీ, ఒక్కసారి మొహం చూపించు" అని మొదలెడతావు. ఎలాగూ మీ స్టూడియోలో పగలంతా ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు. ఉత్తరమైతే అన్నం తింటూ చదువుకోవచ్చు, మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు.

నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలైంది. నాన్న వంట బాగుపడిందని రాస్తే నాకు పాపం తగులుతుంది. నిన్న కూర అడుగంటింది. "మిషన్‌కి వేసినట్టు మూడు చుక్కలు నూనె వేశాను, సరిపోవాలే మరి" అన్నాడు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషికి గరిట ఇస్తే ఇంతే. ఇద్దరం పైపైన తీసుకుని తిన్నాం.

నీ దిండు నేనే వాడుకుంటున్నా. నీ వాసన ఎప్పుడో పోయింది. అయినా అదే కావాలి.

నీ
బంగారం


స్టూడియో, మూడో అంతస్తు
శనివారం, మధ్యాహ్నం

బంగారూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చదువుతుంటే నవ్వొచ్చింది, ఆ తర్వాత గుండె చివుక్కుమంది.

కెమెరా పాడైందన్నావు. మరి మొన్న ఆదివారం మీ నాన్న నీ ఫోన్‌లోంచే నాకొక కుట్టుమిషన్ పొట్ట విప్పి చూపించాడే! తన ఫోన్ ఛార్జింగ్‌లో ఉందట. పళ్ళచక్రం మీద తుప్పుతో సహా కనిపించింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. అబద్ధమాడేటప్పుడు మీ నాన్నకి కూడా ఓ మాట చెప్పి ఉంచాలే పిచ్చిదానా.

నా మీద కోపమా? అదొక్కటి చెప్పు. మన వీధిలో స్టూడియో మూసేశాక ఈ పని ఇక్కడే దొరికింది, రెండేళ్ళు ఒప్పుకున్నాను. అప్పుడు నువ్వు "సరేలే అమ్మా, వెళ్ళు" అన్నావు. అంత తొందరగా ఎందుకు అన్నావా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. వెళ్ళొద్దని ఒక్కసారి ఏడిస్తే బాగుండేదేమో.

ఇవాళ ఒక పెళ్ళికూతురు వచ్చింది, నూట పది ఫొటోలు. నుదురు, గడ్డం, బుగ్గలు. ఒక్కో చుక్కనీ తెర మీద అరచెయ్యంత చేసుకుని, పక్కనున్న మంచి చర్మం తెచ్చి దాని మీద కప్పడం. సాయంత్రానికి కళ్ళు మూసుకున్నా చుక్కలే కనిపిస్తాయి. ఇంతమంది మొహాలు చూస్తున్నాను కదా, నాకు కావలసిన మొహం చూసి రెండు నెలలు దాటింది.

మూడు నెలల తర్వాత నాకు నాలుగు రోజుల సెలవుంది. ఏడాదికి రెండుసార్లే ఇస్తారు, కొత్తదాన్నని నాకు ఇదే మొదటిది. దాని కోసమే రోజులు ఈడుస్తున్నాను. కోపమైతే కోపమని రాయి, ఏదైతే అది రాయి. తిట్టినా ఫరవాలేదు.

అమ్మ


ఇల్లు
గురువారం

అమ్మా,

కోపం కాదు. నాకు కోపమని నువ్వనుకుంటున్నావని చదవగానే ఏడుపొచ్చింది.

మొటిమలమ్మా. నవ్వకు.

నువ్వు వెళ్ళిన రెండో నెలలో నుదుటి మీద సన్నసన్నగా మొదలయ్యాయి. పట్టించుకోలేదు. తర్వాత బుగ్గల మీదికి దిగాయి. ఇప్పుడు వచ్చేవి ఆ సన్నవి కావు. బఠాణీ గింజంత లేస్తాయి, ఎర్రగా, వేడిగా. కొన్నిటికి చీము తల ఉంటుంది. కొన్నిటికి తలే ఉండదు, లోపలెక్కడో గట్టిగా ఉంటాయి. అటు తిరిగి పడుకుంటే ప్రాణం పోతుంది.

క్లాసులో నన్ను దానిమ్మ అంటున్నారు. మొదటిరోజు నేనూ నవ్వాను. రెండోరోజు నుంచి వెనక బెంచీకి మారాను.

పక్కింటి అత్తయ్య టూత్‌పేస్ట్ రాయమంది. రాస్తే చర్మం మండి పొట్టు లేచింది, మొటిమ మాత్రం చెక్కు చెదరలేదు. నాన్నని అడిగితే "ఈ వయసులో అందరికీ వస్తాయమ్మా, అవే పోతాయి" అని స్క్రూడ్రైవర్ పట్టుకుని జారుకుంటాడు. నా పక్కన కూర్చునే పిల్ల ఉంది చూడు, రెండు జడలది, అది "గోళ్ళతో నొక్కి చీము తీసేయ్, ఒక్కరోజులో ఆరిపోతుంది, నేనలాగే చేస్తా" అంటోంది. రెండు నొక్కాను. ఒకటి ఆరింది. రెండోది పక్కన ఇంకో మూడు పిల్లల్ని పెట్టింది.

అసలు నొక్కాలా, వద్దా? నువ్వు రోజూ వందల మొటిమలు తీసేస్తావు. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఫొటో ఒకటి పెడుతున్నా. కిటికీ దగ్గర వెలుతురులో తీసుకున్నా, ఏదీ దాచలేదు. చూసి చించెయ్.

ఇంకో మాట. సెలవుకి రావద్దు. తగ్గాక రా. నువ్వు రాగానే నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంటావు. అదే నాకు రోజూ గుర్తొచ్చేది, దానికే భయం కూడా. నువ్వు రావాలని ఉంది, రావద్దనీ ఉంది. ఇంతకంటే ఎలా రాయాలో తెలీట్లేదు.

నీ బంగారం
(ప్రస్తుతానికి ఇత్తడి)


స్టూడియో
సోమవారం

పిచ్చితల్లీ,

నవ్వలేదు. ముందు నీ ప్రశ్నకి జవాబు: నొక్కొద్దు, గిల్లొద్దు, పొడవొద్దు, గోరు తగలనివ్వొద్దు.

ఇది నా సొంత తెలివి కాదు. ఇరవై ఏళ్ళుగా ఎందరి మొటిమలో తీసేశాను, అవి ఎందుకొస్తాయని ఒక్కసారీ ఎవర్నీ అడగలేదు. మా భవనంలో కింద ఒక చర్మం డాక్టరమ్మ ఉంది. మధ్యాహ్నం అన్నం మానేసి నీ ఫొటో పట్టుకుని వెళ్ళాను. "మీరు పైన మచ్చలు తీసే ఆవిడ కదూ! మీరు పది నిమిషాల్లో చేసేదానికి నాకు ఆరు నెలలు పడుతుందండీ" అని నవ్వింది. మంచి మనిషి. కూర్చోబెట్టి చెప్పింది.

చర్మంలో సన్నటి రంధ్రాలుంటాయట, ఒక్కోదాని అడుగున నూనె ఊరే చిన్న తిత్తి. మీ వయసులో ఆ నూనె ఎక్కువ ఊరుతుంది. రాలిపోవాల్సిన చర్మం పొట్టు ఆ నూనెకి అంటుకుని రంధ్రం మూతికి బిరడాలా పడుతుంది. లోపల ఎప్పుడూ ఉండే సూక్ష్మక్రిములు ఇదే అదనని పెరుగుతాయి, ఒళ్ళు వాటి మీద యుద్ధానికి దిగుతుంది. ఆ ఎరుపు, వేడి, నొప్పి, చీము అన్నీ ఆ యుద్ధమే. "మురికి వల్ల కాదు, అమ్మాయి తప్పు వల్ల అంతకంటే కాదు, మొహం తోమి తోమి కడగొద్దని చెప్పండి" అంది.

"నొక్కితే ఏమవుతుందండీ?" అన్నాను. "పైకొచ్చేది చిటికెడు. మిగతాది లోపల గోడ పగిలి కిందికీ పక్కలకీ పోతుంది. ఒకటి నొక్కితే పక్కన మూడు లేచాయని రాసిందన్నారే, అందుకే. తల లేనివాటిని నొక్కితే అదీ రాదు, దెబ్బ తగలడం తప్ప. రంగు మచ్చ పడితే నెలల మీద పోతుంది. గుంట పడితే దానంతట అది పోదు." ఆ మాట అంటూ నా మొహంకేసి చూసింది. నేను ఆవిడ రాసిచ్చిన చీటీ తీసుకుని లేచాను.

చీటీలో ఉన్నది ఇది. రోజుకి రెండుసార్లు మామూలుగా కడుక్కో. నొప్పిగా ఉన్నదాని మీద గోరువెచ్చని తడిగుడ్డ పది నిమిషాలు ఉంచు. టూత్‌పేస్ట్ పళ్ళకి. తల లేని గట్టివి ఉన్నాయి కాబట్టి అక్కడ డాక్టరుకి తప్పకుండా చూపించు, ఫొటో చూసి మందు రాయనంది. మందు ఇస్తే మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, వచ్చే చోటంతా పల్చగా రాయాలి. రెండు మూడు నెలలు పడుతుంది, మధ్యలో మానొద్దు.

కవరులో ఇంకోటి కూడా ఉంది. నీ ఫొటోని నిన్న పనయ్యాక కూర్చుని నేనే సరిచేశాను. ఎంత శ్రద్ధగా చేశానో, ఏ పెళ్ళికూతురికీ అంత చెయ్యలేదు. అద్దం పక్కన పెట్టుకో. మూడు నెలల్లో ఇలా అయిపోతావు.

సెలవు సంగతి... నువ్వు వద్దంటే ఏం చెయ్యను. ఇంకోసారి ఆలోచించు.

అమ్మ


శుక్రవారం

అమ్మా,

ఫొటో అందింది. బాగుంది. ఎవరా అమ్మాయి?

అద్దం పక్కన పెట్టమన్నావు, పెట్టాను. నాలుగు రోజులు పొద్దున్నే ఇద్దర్నీ చూశాను, అద్దంలో దాన్నీ, అట్ట మీద దాన్నీ. ఐదో రోజు నాన్న పెట్టెలోంచి మిషన్ సూది తీసి, ముక్కు పక్కనున్న పెద్దదాన్ని పొడిచాను. తర్వాత రెండు వేళ్ళతో నొక్కాను. చీము రాలేదు, రక్తం వచ్చింది. మర్నాటికి బుగ్గ వాచిపోయి కన్ను సగం మూసుకుపోయింది. జ్వరం. నాన్న విప్పిన మిషన్ విప్పినట్టే వదిలేసి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మూడు రోజులు ఇంజెక్షన్లు. "ముక్కు చుట్టుపక్కల అస్సలు నొక్కకూడదమ్మా, అక్కడి రక్తనాళాలకి లోపల తలతో లంకె ఉంటుంది, అరుదే గానీ ముదిరితే ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు డాక్టరు. ఇప్పుడు వాపు తీసింది, జ్వరం లేదు. మొటిమలకి కూడా మందు రాశాడు. నీకు చెప్పొద్దని నాన్న దగ్గర నేనే ఒట్టు వేయించుకున్నాను. తిడితే నన్ను తిట్టు.

నొక్కొద్దు గిల్లొద్దని అంత పొడుగు ఉత్తరం రాసి, అదే కవరులో నువ్వే అన్నీ గిల్లేసి పంపావు.

పైపెదవి మీద పుట్టుమచ్చ కూడా తీసేశావు. అది మొటిమ కాదమ్మా. నేను పుట్టినప్పట్నుంచీ ఉన్నది. "ఎక్కడ తప్పిపోయినా నిన్ను దీంతో పట్టుకుంటా" అనేదానివి. నీ చేతికి అది కూడా మచ్చే అయిపోయింది.

కాకి పిల్ల కాకికి ముద్దంటారు. కాకేమీ పిల్లకి సున్నం వెయ్యదు.

రావద్దు. ఈసారి నిజంగానే అంటున్నాను.


గది
ఆదివారం

తల్లీ,

మూడు కాగితాలు రాసి చించాను. ఇది కూడా చించక ముందే పోస్టులో వేసేస్తాను.

జ్వరమన్న మాట చదివి సంచీలో బట్టలు కుక్కేశాను. ఆఖరి వాక్యం చదివి మళ్ళీ తీసేశాను. మీ నాన్నకి ఫోన్ చేస్తే "తగ్గిందే, నిజంగా తగ్గింది, ఒట్టు" అంటాడు. ఆయన ఒట్లకి ఇప్పుడు విలువేముంది చెప్పు.

నువ్వు చించమన్న ఫొటో నేను చించలేదు. దాన్నీ, నా దగ్గరున్న సరిచేసిన కాపీనీ పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే. పుట్టుమచ్చ లేదు. తీసినట్టు కూడా నాకు తెలీదమ్మా. చెయ్యి దానంతటది పోయింది. నుదుటి మీద మొదలుపెట్టి గడ్డం దాకా వస్తుంది, దారిలో ఏది నల్లగా కనిపిస్తే దాన్ని కప్పేస్తుంది. కన్నబిడ్డ మొహమని ఆ చేతికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాల్సింది.

ఇంకోటి ఉంది, రాయకపోతే ఊపిరాడదు. నా బుగ్గల మీద గుంటలు ఆటలమ్మ మచ్చలని చెప్పాను నీకు. మీ నాన్నకీ అదే చెప్పాను. అబద్ధం. నాకూ నీలాగే వచ్చాయి, పద్దెనిమిదో ఏట. ఉద్యోగం దరఖాస్తుకి ఫొటో దిగాలి, వారమే గడువు. పిన్నీసుతో ఒక్కోటీ పొడిచి నొక్కాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి "గట్టిగా నొక్కవే, వేరుతో సహా రావాలి" అంది. ఆవిడకీ తెలీదు పాపం. ఫొటో దిగే రోజుకి మొహమంతా పుండ్లు. ఆ స్టూడియో ముసలాయన నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్ది, అన్నీ తుడిచేసిన ఫొటో నా చేతిలో పెట్టాడు. ఆ ఫొటో చూసి ఎంత ఏడ్చానో! దరఖాస్తు పక్కన పడేసి, ఈ పని నేర్పండి తాతగారూ అని ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. నా మొహం బాగుచేసుకోలేక లోకంలో అందరి మొహాలూ బాగుచేసే పనిలో పడ్డాను.

మన హాలు గోడ మీద ఫొటోలు చూడు. ఒక్కదాంట్లో కూడా ఆ బుగ్గలు నావి కావు. నువ్వు చిన్నప్పుడు నా బుగ్గ తడిమి, గోడకేసి చూసి, "ఫొటోలో అమ్మ వేరే" అన్నావు. నేను మాట మార్చేశాను. ఆటలమ్మ కాదమ్మా, నేనే నొక్కుకున్నాను అని ఆ రోజు చెప్పి ఉంటే, నీ చేతిలోకి సూది వచ్చేది కాదు.

నువ్వు నాకు కావాలే. వాచి ఉంటే వాచినట్టే, ఎర్రగా ఉంటే ఎర్రగానే కావాలి. కానీ నువ్వు రమ్మనందే రాను. నీ గుమ్మం ముందు అమ్మననే దౌర్జన్యం చెయ్యను.

అమ్మ


ఇల్లు
ఆదివారం, ఆరు వారాల తర్వాత

అమ్మా,

ఇన్నాళ్ళూ రాయలేదు. నువ్వు నాన్నకి రోజూ ఫోన్ చేసి "తిన్నదా? రాసుకుందా?" అని అడగడం గోడవతల నుంచి వింటూనే ఉన్నాను. ఒక రోజు నువ్వు చెయ్యలేదు. ఆ రోజు నాన్న చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో ఆయన్నే అడుగు.

ఆటలమ్మ సంగతి నాన్నకి చెప్పేశాను. నువ్వే చెప్పాలేమో, ఆపుకోలేకపోయాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ "పెళ్ళైన వారానికే తెలుసు. మీ అమ్మమ్మ చెప్పింది" అన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా నోరు విప్పలేదు మహానుభావుడు! "మరి అమ్మతో అనలేదేం?" అంటే "ఆవిడకి చెప్పాలనిపించినప్పుడు చెబుతుంది కదా, తొందరేముంది" అన్నాడు. ఈ మనిషితో ఎలా వేగావమ్మా?

గోడ మీద ఫొటోలన్నీ దగ్గరికెళ్ళి చూశాను. నువ్వెంత బాగా చేస్తావో! అతుకు కనపడదు. చాలా బెంగొచ్చింది.

రెండు జడలది మొన్న క్లాసులో గడ్డం మీద గోరు పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాను. నీ డాక్టరమ్మ చెప్పిందంతా అప్పజెప్పాను. "ఓహో, పెద్ద డాక్టర్ దానిమ్మగారు" అంది. కానీ చెయ్యి తీసింది. ఇప్పుడు మేమిద్దరం ముందు బెంచీలో కూర్చుంటున్నాం.

మొటిమలు తగ్గాయా అంటే సగం. మందుకి మొదటి రెండు వారాలు మొహం ఎండిపోయి మానేద్దామనిపించింది, మానలేదు. నిన్న బుగ్గ మీద కొత్తది లేచింది, తల లేనిది. దాని మీద వేడిగుడ్డ పెట్టుకునే ఇది రాస్తున్నా. ముక్కు పక్కన చిన్న గుంట పడింది. అది ఇంక ఉంటుంది.

అయినా రా. తగ్గాక రమ్మన్నాను, తగ్గేదాకా ఉండలేనమ్మా. సెలవు వచ్చే వారమే కదా. రా.

నీ బంగారం


స్టూడియో
బుధవారం

బంగారూ,

ఏమని రాయను. నువ్వు "ఈసారి నిజంగానే" అని రాసింది చదివిన రోజే నా సెలవు నా పక్క బల్ల ఆవిడకి రాసిచ్చేశాను. వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్. నా సెలవెలాగూ వృథా అనుకున్నాను. నీకు చెబితే నువ్వు బాధపడతావని ఆ ఉత్తరంలో రాయలేదు. ఆవిడ నిన్ననే బయల్దేరి వెళ్ళిపోయింది. యజమాని కాళ్ళ మీద పడటం ఒకటే తక్కువ. "ఇద్దరూ లేకపోతే పెళ్ళిళ్ళ పని ఎవరు చేస్తారు, మళ్ళీ ఐదు నెలల తర్వాతే" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు కొత్త కాదు. కానీ ఇంత మంట ఎప్పుడూ లేదు. రా అని రెండుసార్లు రాశావు. లెక్కపెట్టాను.

వీడియోలో ఒక్కసారి కనిపిస్తావా? వద్దంటే వద్దు.

అమ్మ


ఇల్లు
శనివారం

అమ్మా,

వీడియో వద్దు. మేమే వస్తున్నాం. మాకంటే ముందు అందాలని ఇది కొరియర్‌లో వేస్తున్నా.

నాన్న షాపు తలుపు మీద "మిషన్లకి మూడు రోజులు విశ్రాంతి" అని కాగితం అంటించాడు. తెల్లారగానే ఎక్కితే సాయంత్రం దాకా బస్సే. "చున్నీ కప్పుకుంటావా, దుమ్ము" అన్నాడు నాన్న మెల్లిగా. దుమ్ము కాదు ఆయన బాధ, నాకు తెలుసు. వద్దన్నాను. ఎదురు సీట్లోవాళ్ళు చూస్తారు. చూడనీ. పన్నెండు గంటలు చూస్తే వాళ్ళకే విసుగొస్తుంది.

నీ స్టూడియోకే తిన్నగా వస్తాం, మూడో అంతస్తుకి. అక్కడ అందరికీ ఇప్పుడే చెప్పి ఉంచు. నన్ను చూడగానే అందరి చేతులూ మౌస్ వెతుక్కుంటాయేమో, కట్టేసుకు కూర్చోమను.

సోమవారం, ఐదున్నరకి. ఎడమ బుగ్గ మీది కొత్తది ఇంకా సలుపుతోంది. ముద్దు కుడి బుగ్గ మీద పెట్టు.